తల పడని ఫోటో

నా మరదలు మాలకొండమ్మ ఎనిమిదేండ్లుగా ఒక్క మాట చెప్పకుండా నన్ను సతాయిస్తున్నది. వీలునామా ఆ సంగతితోనే మొదలు కావలెనన్నాను. దస్తావేజులు రాసే గంగాధరం గారు అట్లా రాయకూడదన్నారు. చచ్చేది నేను గనుక నా ఇష్టప్రకారమే రాస్తున్నారు.

కావలి తాలూకా పట్టపుపాలెం కాపురస్తుడు, కొమారి లక్షుమయ్య కుమారుడు చిన్నపోలయ్య అను నేను, అరవై తొమ్మిదేండ్లవాణ్ణి, కన్ను మసకే గాని బుద్ధి మసక కాదు, ఒకరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, నా తదనంతరం జరగవలసినదానికి వ్రాయించిన మరణశాసనం.

1. పడవ, రెండు వలలు నా కుమారుడు రమణయ్యకు సర్వహక్కులతో చెందవలెను. వాడు వల ఆరవేయకుండా చుట్టి పడేస్తాడు. హక్కు ఇస్తున్నాను, బుద్ధి ఇవ్వలేను.

2. ఇంటి స్థలంలో తూర్పు సగం నా కుమార్తె పెంచలమ్మకు. అల్లుడి పేరు ఎక్కడా రాయవద్దు.

3. డబ్బా కెమెరా కూడా పెంచలమ్మకే. బిట్రగుంట రైలు గార్డు జ్ఞానప్రకాశం గారు బదిలీ అయిపోతూ, "చేపల్ని పట్టింది చాలు, మనుషుల్ని పట్టు పోలయ్యా" అని నా చేతిలో పెట్టినారు. నేను పట్టింది ఒక్క చుట్ట ఫిలిం, ఎనిమిది బొమ్మలు. రెండింట్లో సముద్రం వంకర. ఒకదాంట్లో నా బొటనవేలు. అయినా మా పాలెంలో కెమెరా పట్టిన మొదటివాణ్ణి నేనే. ఇది కొట్టివేయరాదు.

4. ఆ చుట్టలోదే ఒక ఆడమనిషి ఫోటో. ఈ కాయితమంతా దానికోసమే. 1957 ఎండాకాలంలో నా భార్య కామమ్మను, దాని చెల్లెలు మాలకొండమ్మను ఒకరి తర్వాత ఒకరిని పడవ పక్కన నిలబెట్టి తీసినాను, ఎవరిని ముందు తీసినానో జ్ఞాపకం లేదు. ఇద్దరివీ ఒకే అంచు వెంకటగిరి చీరలు, కొనిచ్చింది నేనే. కెమెరా మీది అద్దంలో తల, కొప్పు, కనకాంబరాలు అన్నీ కనబడినాయి. చుట్ట పూర్తి కాకముందే కామమ్మ వాంతిభేదితో పోయింది. తర్వాత కావలి స్టూడియో మస్తానయ్య కడిగితే, ఒకదానికి వెలుతురు తగిలి పాడయింది. రెండోదానికి మెడ పైన ఏమీ లేదు. మరీ దగ్గరగా తీస్తే అద్దంలో కనబడిందంతా ఫిలిం మీద పడదంటాడు. కనబడింది పడకపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రమణయ్య అమ్మే అంటాడు. పెంచలమ్మ పిన్నమ్మ అంటుంది. చేతులు చూస్తే కామమ్మే. నిలబడిన తీరు చూస్తే చెల్లెలు. మరునాడు చూస్తే అటూ ఇటూ అవుతుంది. కామమ్మకు వేరే ఫోటో లేదు. దాని మొహం ఒకరోజు జ్ఞాపకం వస్తుంది, ఒకరోజు రాదు.

కామమ్మ సంవత్సరీకం నాడు బంధువుల ముందర మాలకొండమ్మను అడిగినాను. "కట్టుకున్నదాన్నే పోల్చుకోలేనోడివి, నేను చెప్తే మటుకు నమ్ముతావా బావా? తల ఉన్నప్పుడే చూసుకోనుండాల్సింది" అన్నది. అందరూ నవ్వినారు. కామమ్మ ఉంటే అదీ నవ్వేది. ఆనాటి నుంచి నేను ఆమె ఊరు వాకాడు పోలేదు, మాలకొండమ్మ ఇక్కడికి రాలేదు.

5. సదరు ఫోటో కామమ్మదైతే, అటకెక్కించకుండా, నా దినాల్లో నాతోపాటు దానికీ బొట్టు పెట్టి దీపం పెట్టవలెను. బొట్టు ఎక్కడ పెట్టాలని పెంచలమ్మ అడిగింది. ఫ్రేము కట్టించి పైన చెక్క మీద పెట్టమన్నాను. మాలకొండమ్మదైతే ఆమెకే ఇచ్చివేయవలెను. బతికున్న మనిషి ముందు దీపం పెట్టరాదు. ఇన్నాళ్లూ నేను పెట్టిన దీపం ఎవరికి పెట్టినానో తెలియక నిద్ర పట్టడం లేదు. ఇక్కడ పేరు రాసే చోటు ఖాళీ వదిలించినాను.

మాలకొండమ్మా, దీని నకలు నీకు వాకాటికి పంపుతున్నాను. 29వ తేది మంగళవారం రిజిష్టరు. 28వ తేది సోమవారం పొద్దుగూకేలోగా, నువ్వా, మీ అక్కా, ఒక్క మాట చెప్పి పంపు. నా మీద జాలిపడి అక్క అని మటుకు చెప్పవద్దు.

1966 నవంబరు 14, సోమవారం.

(చేవ్రాలు) కొమారి చిన్నపోలయ్య

సాక్షులు: మస్తానయ్య, ఫోటో స్టూడియో, కావలి
హజరత్తయ్య, పట్టపుపాలెం
వ్రాసినది: గంగాధరం, కావలి