హామ్ కోసిన మనిషి

లియోన్సియో అన్నయ్యా,

నా ఇంట్లో, నా అతిథుల ముందు, నువ్వు అబద్ధమాడావు.

నువ్వే పెంచిన పంది తొడ, ఉప్పు పట్టించి మూడేళ్ళు గాలికి ఆరబెట్టిన హామ్‌ని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మాడ్రిడ్ దాకా తెచ్చావు. బల్ల పక్కన నిలబడి, ముక్క కింద నా వ్యాసం పెట్టినా చదువుకోగలిగేంత పలచగా కోశావు. ఆ ముక్కల్ని చెక్కపలక మీద జున్నుతో, సాసేజీలతో నేను సర్దాను. విందులో హామ్ కోయడానికి మనిషిని కుదుర్చుకోవడం ఇక్కడి గొప్పింటి అలవాటు. మా సంపాదకురాలు ఒడిలియా నిన్నూ అలా కుదుర్చుకున్న మనిషే అనుకుంది.

"ఏమయ్యా, నీ చేతిలో ఏదో మంత్రం ఉంది! మా ఇంటి విందుకీ వస్తావా?"

నువ్వు నా మొహం చూశావు. "అమ్మగారు పంపిస్తే వస్తానండీ" అన్నావు.

నేను "మా అన్న" అంటే సరిపోయేది. శ్రామికుల గౌరవం గురించి ఇరవై ఏళ్ళుగా రాస్తున్నదాన్ని, ఆలివ్ కాయలు సర్దుతూ తల వంచుకున్నాను. నీ ఊరి చొక్కాకి సిగ్గుపడ్డాను. అది కనిపెట్టి నన్ను కాపాడావు. ఎవరడిగారు నిన్ను? తప్పు నీదేనని నాలుగు పేజీలు వాదించి చించేశాను. ఒక్క వాదనా నిలబడలేదు.

కాబట్టి నా డిమాండ్లు:

1. వచ్చే ఆదివారం రా. వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచాను.
2. ఉత్త చేతులతో రా. ఆ చొక్కాతోనే రా.
3. కత్తి ముట్టుకోకు. మిగిలిన హామ్ నేను కోస్తాను. ముక్కలు చెప్పు అట్టల్లా వస్తే అందరి ముందూ నవ్వు.
4. అమ్మగారు అనకు. నాన్న పిలిచినట్టు "పిచ్చుకా" అను.
5. ఒడిలియా నువ్వెవరని అడిగితే నోరు విప్పకు. నేను చెబుతాను.