నీ ఫిల్ము పక్కన నా ఫిల్ము

జమీలా అక్కా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. నీ తలలో చిట్లిన నరంలాంటిది కవల చెల్లెలిని కనుక నాకూ ఉండవచ్చని డాక్టరు గారు అప్పుడే చెప్పారు. భయంతో ఇన్నాళ్లూ వెళ్లలేదు. నిన్న నీ కూతురు పర్వీన్ పట్టుబట్టి స్కానింగ్ చేయించింది.

ఆ నరం చిట్లకముందెప్పుడో తలనొప్పికని నువ్వు తీయించుకున్న స్కానింగ్ ఫిల్ము బీరువాలో దాచాను, అది కూడా తీసుకెళ్లాను. డాక్టరు గారు లైటు వెలిగే తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి, "ఇందులో మీది ఏదండీ?" అన్నారు. మూలన పేరు చదివితే గాని ఆయనకే తెలియలేదు.

"చిన్నప్పుడు అమ్మమ్మ కూడా మా అమ్మ చేతికి కట్టిన నల్లదారం చూసే గుర్తుపట్టేదంటండీ వీళ్లని" అంది పర్వీన్.

మెదడులోని పెద్ద మడతలను ఆయన వేలితో చూపించారు. అవి ఎక్కడ వంగాలో, ఎంత లోతుండాలో చాలావరకు జీన్స్‌లోనే ఉంటుందట. అమ్మ కడుపులో, ఏ చెయ్యీ తాకని చీకట్లో, అల్లా మనిద్దరినీ లోపల కూడా ఒకేలా మలిచాడు. నలభై ఏడేళ్లు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం గాని, ఇది చూడలేదు. నేను చూపు తిప్పుకోలేకపోయాను.

"చిన్న మడతలు మాత్రం ఎవరివి వాళ్లవేనండీ. అన్నీ జీన్సే నిర్ణయించవు" అన్నారు. తర్వాత మెల్లగా, "మీకు ఆ జబ్బు లేదమ్మా" అన్నారు.

పర్వీన్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ప్రతి మంచి కబురుకూ అల్‌హమ్దులిల్లా అనే నేను, నీ ఫిల్ము ఎదురుగా ఆ మాట అనలేకపోయాను. ఇంటికొచ్చి నమాజులో నుదురు నేలకు ఆనించాక, ఆ నుదుటి వెనక నీ రూపు కూడా ఉందని తలచుకుని, అప్పుడు అన్నాను.

నీకన్నా పది నిమిషాలు చిన్నదైన
రజియా