బూడిద ఎక్కువైన ద్రాక్ష

నాన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. నీ ద్రాక్షతీగ విరగకాసింది. చర్చిలో ప్రభువు బల్ల కోసం ఆ పళ్ళతో నేనే ద్రాక్షారసం పులియబెట్టాను.

సంఘపెద్ద రుచి చూసి మొహం చిట్లించాడు. "ఏటమ్మా, సప్పగా ఉంది? తీగకి బూడిద ఎక్కువేసినావు. దాన్లో పొటాషు పులుపుని సంపేత్తాది. ఇంక ఎయ్యకు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "బూడిదలో పొటాషుంటాది, పండు తీపెక్కుతాది, రోజూ ఎయ్యమ్మా" అని మంచంలోంచి చెప్పింది నువ్వే. పొయ్యి ఊడ్చినప్పుడల్లా తీగ మొదట్లో పోశాను. కొండ కాల్చి ఆ బూడిదలోనే సామలు చల్లే మనకి, బూడిద కూడా ఎక్కువవుతుందని ఎలా తెలుస్తుంది?

ఇవాళ కూడా పొయ్యి ఊడ్చి, చేటలో బూడిదతో తీగ దగ్గరే నిలబడ్డాను. వెయ్యమన్నది నువ్వు. చాలమ్మా అని కూడా నువ్వే చెప్పాలి కదా.