హాజరు: ఒక్కరు

కుహ్మో,
మార్చి 19.

ప్రియమైన ఔతి అక్కకు,

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. హెల్సింకీలో నువ్వూ వేళకు తిని పడుకుంటున్నావనే అనుకుంటాను. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, ఆవిడేమో స్కీలు కట్టుకుని గడ్డకట్టిన చెరువు మీదికి బయల్దేరింది. ఇక నేనేం చెప్పను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నీ గొంతు వింటే నా నోటికి అబద్ధమే వస్తోందక్కా.

మన పార్టీ యువజన శాఖ వార్షిక సమావేశం బాగా జరిగిందని చెప్పాను కదా. లైబ్రరీ కింది గదిలో, సాయంత్రం ఆరింటికి. పన్నెండు మందికి కాఫీ పెట్టాను. అమ్మ దాల్చినచెక్క బన్నులు చేసిచ్చింది. పక్కగదిలో అదే వేళకు అవతలి పార్టీ యువజనుల సమావేశం. వాళ్ళ అధ్యక్షురాలు హిల్క్కా వరండాలో ఎదురైంది.

"మీవాళ్ళెంతమంది వస్తున్నారు?"

"పన్నెండు. మీకు?"

"పధ్నాలుగు. కుర్చీలు చాలవేమోనని నా బెంగ."

ఆరున్నరైనా నా గదికి ఒక్కరూ రాలేదు. యోనె చదువుకని ఔలు నగరానికి వెళ్ళాడు. సాంతెరికి ముప్పై నిండాయి, నిబంధన ప్రకారం పేరు కొట్టేశారు. మిగతావాళ్ళు ఫోనైనా ఎత్తరు. నీ రోజుల్లో ఆ గదిలో నిలబడటానికి చోటుండేది కాదు. బడి మూయొద్దని మీరు సొంత పార్టీ మీదే తిరగబడితే, ముసలి కౌన్సిలర్లు కిక్కురుమనకుండా దిగొచ్చారు. ఇప్పుడు పెద్దలకు మేం కావలసింది ఎన్నికలప్పుడు సంతలో బఠాణీ సూపు వడ్డించడానికే. పోయినసారి అదీ నేనొక్కణ్ణే వడ్డించాను.

అయినా పక్కగదికి వినబడాలని చెక్కసుత్తి బల్లమీద గట్టిగా కొట్టి, "సమావేశం ప్రారంభం" అన్నాను. గోడ అవతల నుంచి ఇంకా గట్టిగా సుత్తి చప్పుడు. అధ్యక్షుడిగా నా పేరు నేనే ప్రతిపాదించుకున్నాను, బలపరిచేవాడు లేడు. మినిట్స్ సరిచూసి సంతకం చేయడానికి ఇద్దరుండాలి కదా, అక్కడ ఆగిపోయాను. ఒంటరిగా బన్ను నములుతుంటే ఏడుపొచ్చింది.

అప్పుడే హిల్క్కా తలుపు తోసుకుని వచ్చి ఖాళీ కుర్చీల వంక చూసింది.

"మీ పన్నెండుమందీ బల్లకింద దాక్కున్నారా?"

"మీ పధ్నాలుగుమందికీ కుర్చీలు సరిపోయాయా?"

వాళ్ళ గదికీ ఒక్కరూ రాలేదట. నువ్వు నాకు సంతకం పెట్టు, నేను నీకు పెడతానన్నాను.

"తిక్కా నీకు? నేను మీ పార్టీనా? మా మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాసేశాలే. హాజరు ఒక్కరు, శాఖ రద్దు. ముందు నాకా కాఫీ పొయ్, చల్లారిపోతోంది."

మూడు కప్పులు తాగి వెళ్ళిపోయింది. నేను పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అక్కా, రెండేళ్ళుగా మనకు పన్నెండుమంది సభ్యులని కేంద్ర కార్యాలయానికి దొంగలెక్క రాస్తున్నది నేనే. మొదట శాఖ మూతపడుతుందని రాశాను. జూన్ మహాసభలో నువ్వు జాతీయ అధ్యక్ష పదవికి నిలబడుతున్నావని తెలిశాక, నీకోసం రాశాను. పదిమంది లేని శాఖకు ప్రతినిధి ఉండడు, ఓటూ ఉండదు. ఒకటి రెండు ఓట్లతో తేలే పోటీ అని నువ్వే అన్నావు. కానీ నీ మీద పోటీ చేస్తున్నవాళ్ళు ఈ లెక్క పట్టుకుంటే మచ్చ పడేది నీ పేరు మీదే. అందుకే నిన్న పొద్దున నిజం రాసి కార్యాలయానికి పంపేశాను. నీకు ముందు చెప్పవలసింది. చెబితే పంపొద్దంటావేమోనని భయపడ్డాను. నిన్ను అలా అనుమానించినందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

మహాసభలో మనూరి తరఫున నీకు ఎవరు చెయ్యెత్తుతారని రాశావు. ఎవరూ ఎత్తరక్కా. నేను మాత్రం రైలెక్కి వస్తాను. చూడ్డానికి వచ్చినవాళ్ళను వెనక బెంచీల్లో కూర్చోబెడతారట. నీ పేరు పిలిచినప్పుడు అక్కణ్ణుంచే చెయ్యెత్తుతాను. అది లెక్కలోకి రాదు. నువ్వు మాత్రం ఒక్కసారి అటు చూడు.

ఇట్లు,
నీ తమ్ముడు
తూరె