యోనా బావ కుండ

బారువ, సోమవారం

అమ్మా రూతమ్మా,

ఈ సముద్రపు గాలికి నా చుట్టలన్నీ మెత్తబడి ఒక్కటీ అంటుకోవడం లేదు. తక్కినదంతా ప్రభువు దయ.

సంఘపెద్ద, మీ యోనా మావయ్య, పోయాడు కదా. ప్రతి ఆదివారం వేకువనే గుడి గుమ్మంలో కుండ నింపి, వచ్చినవాళ్ల ఇసక కాళ్లు ఆయనే కడిగేవాడు. ఆయన పోయాక కూడా కుండ నిండే ఉంటోంది, చుట్టూ ఇసకలో ఒక్క అడుగూ లేదు. జనం గుమ్మం తొక్కడానికే జడుస్తున్నారు.

"ఆయన తరవాత నిన్ను సంఘానికి పెద్దగా ఉండమంటే ఒల్లనన్నావు. అందుకే సచ్చినా ఆయనకి ఆ పని తప్పనేదు అన్నా!" అని మీ మార్తత్త ఒకటే ఏడుపు.

నిన్న ఆ కుండ నీళ్లతోనే మోకాళ్ల మీద కూచుని అందరి కాళ్లూ కడిగాను. ఇక ఆ పని నాదే.

మనవడి దగ్గు తగ్గిందా? గుడి నూతి తాడు శనివారం తెగిపోయింది. మీ కవిటి కొబ్బరి తాడు అల్లుడిచేత పంపు, దారిలో దాంతో ఉయ్యాల కట్టుకుని పడుకోవద్దను. మిమ్మల్ని ప్రభువు చల్లగా చూడాలి.

మీ నాన్న

అత్తకి చెప్పకు. ఊరిని కాస్త జడిపిద్దామని ఇన్నాళ్లూ కుండ నింపి, కొబ్బరి మట్టతో అడుగులు చెరిపింది నేనే. నిన్నటిది మాత్రం నేను నింపలేదు.