రెండు ఎడమకాళ్ళ కవచం

శ్రీవారికి,

మీ ఇల్లాలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ ముగ్గురం క్షేమం. ముగ్గురేమిటని బుర్ర గోక్కోకండి. నేను, అత్తయ్య, హాల్లో మీ కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్న కవచం. మీరూ, మీ ఓడా, కూరల్లో ఉప్పు గుమ్మరించే మీ ఓడ వంటాయనా కూడా క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా చెప్తాను. వంటగది కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. మా బోర్డుల షాపు ఓనరు గొణుగుడు మాత్రం ఆగలేదు, దానికి వాషరు దొరకదు. తర్వాత, "కవచమేమిటి, నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని అడిగి కింద గీత కూడా గీశారు. దానికి ఒక్క ముక్కలో జవాబు రాదు, తీరిగ్గా చెప్తాను. ఇక ప్రతి ఉత్తరం చివరా అడిగేది ఈసారీ అడిగారు, అమ్మ కిందికి దిగిందా అని. మీరు చివర్న అడిగారు కాబట్టి నేనూ చివర్నే చెప్తాను. మధ్యలో కాగితాలు తిప్పేసి వెనక్కి వెళ్ళారంటే నా మీద ఒట్టే.

టౌన్ హాల్లో ఏటా వేషాల పోటీ పెడతారు కదా. పోయినేడు మనిద్దరం వెళ్ళి చూశాం. అట్టపెట్టెలు తగిలించుకున్న ఒక సైనికుణ్ణి చూసి మీరు పడీ పడీ నవ్వారు. ఇంతకంటే బాగా నేనే చేస్తానన్నాను. "చేశావులే" అన్నారు మీరు. ఆ "చేశావులే" అప్పట్నుంచీ నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మీరే చెప్పండి, పొద్దున్న లేస్తే ప్లాస్టిక్ షీట్లు కోయడం, వంచడం, అతికించడమే కదా నా పని. ఎవరెవరి పేర్లో నా చేతుల మీదుగా గోడలెక్కుతాయి. నేను చేసిందేదో ఒక్కసారి నేనే వేసుకుని నలుగురి ముందూ నిలబడాలని ఆశ పుట్టింది. అది పిచ్చయితే పిచ్చే అనుకోండి.

షీట్లకు కొదవ లేదు. రంగు కుదర్లేదని పక్కన పడేసిన బోర్డులు షాపు వెనక గుట్టగా పడి ఉంటే ఓనర్ని అడిగి తెచ్చుకున్నాను. అసలు చిక్కు కొలతల దగ్గర వచ్చింది. తన వీపు తానే కొలుచుకోవడం ఎవరివల్ల అవుతుంది? అత్తయ్యదీ నాదీ ఒకే ఎత్తు, ఒకే భుజాలు. ఆవిడ స్వెట్టర్లు నేను ఎత్తుకెళ్ళడం మీకు తెలిసిందే. నసుగుతూ నసుగుతూ అడిగాను, కాసేపు బొమ్మలా నిలబడతారా అని. ఆవిడ టీవీ వైపు చూస్తూనే, "ఎంతసేపు?" అన్నారు.

మీకు తెలియనిదేముంది, స్కూలంతటినీ ఒక్క విజిల్‌తో నిలబెట్టిన డ్రిల్లు టీచరు. తడి మెట్ల మీద జారి తుంటి విరిగినప్పట్నుంచీ గుమ్మం దాటడం లేదు. ఎముక అతుక్కుంది, ఇక నడవాలి అని డాక్టరు చెప్పి ఎన్నాళ్ళయిందో. చెప్పులేసుకుని తలుపు దాకా వస్తారు. మెట్లవైపు ఒకసారి చూస్తారు. "ఎండగా ఉంది" అని వెనక్కి తిరుగుతారు. మబ్బు పట్టిన రోజున కూడా అదే మాట. మీరు దూరాన ఉండి బెంగపడతారని కాస్త నయం, కాస్త నయం అని రాస్తూ వచ్చాను గానీ, నయమేమీ లేదు.

పాత దుప్పటి ఆవిడకి చుట్టి, దాని మీద ప్యాకింగ్ టేపు బిగించి, ఎక్కడ వంపు తిరగాలో ఎక్కడ అతుకు పడాలో పెన్నుతో గీసుకున్నాను. తర్వాత వీపు మీద కత్తెరతో చీల్చి తీస్తే అత్తయ్య ఆకారం చిప్పలా ఊడొచ్చింది. అదే నా నమూనా. ఇదంతా అయ్యేదాకా ఆవిడ కాళ్ళు దగ్గరపెట్టి, గడ్డం ఎత్తి, అటెన్షన్‌లో నిలబడ్డారు. ఊపిరి పీల్చుకోండి అత్తయ్యా అని నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.

ఛాతీ పలకని వేడిగాలి గన్‌తో మెత్తబరిచి, బోర్లించిన స్టీలు బకెట్టు మీద వంచాను. మోకాటి చిప్పలకి గిన్నెల వెనకభాగం సరిపోయింది. (మీ అన్నం గిన్నె అందులో లేదు. ఉన్నా కడిగేశాను.) బయటంతా నల్లరంగు వేసి, ఆరాక స్పాంజితో వెండిరంగు అద్ది తుడిస్తే, దేవుడి మీదొట్టు, ఇనుమే. లోపలివైపు మాత్రం పాత బోర్డుల అక్షరాలు అలాగే ఉండిపోయాయి. ఛాతీ లోపల "అద్దెకు ఇవ్వబడును" అని ఉంటుంది. అత్తయ్య అది చదివి, ఎవరికిస్తావే అద్దెకి, ఇంత ఇరుగ్గా ఉంటే ఎలక కూడా దిగదు అన్నారు.

ఇరుకన్న మాట నిజమే. బట్ట అయితే సాగుతుంది, ప్లాస్టిక్ సాగదు కదా. మొదటిసారి తొడిగితే ఆవిడ చేతులు పైకి లేవలేదు. చంక దగ్గర కోశాను. కూర్చోబోతే ఛాతీ పలక లేచి గడ్డానికి కొట్టుకుంది. పలక కింది అంచు కోసి తగ్గించాను. అక్కడితో ఊరుకున్నారా? నేను చెప్పకుండానే హాలు మధ్య నిలబడి, చేతులు ముందుకి, పైకి, పక్కకి, నడుము వంచి, మోకాళ్ళు ముడిచి, మొత్తం డ్రిల్లంతా మొదలుపెట్టారు. ఎక్కడ పట్టేస్తే అక్కడ వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ కొయ్యి అనడం. పడిన తర్వాత ఆవిడ మోకాళ్ళు ముడిచి లేవడం నేను చూడటం అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేడిగాలి కళ్ళల్లోకి కొట్టిందని చెప్పి తప్పించుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఇంతసేపూ కబుర్లు చెప్పింది దీన్ని వెనక్కి నెట్టడానికే. ముందు ఒకచోట కూర్చోండి. కంగారు పడొద్దు. అత్తయ్య మెట్ల మీద పడ్డారు.

హెల్మెట్ రంగు ఇంకా ఆరలేదు గానీ, మిగతావన్నీ కలిపి ఆవేళ మొదటిసారి అత్తయ్య ఒంటిమీదికి ఎక్కించాం. హాల్లో అటూ ఇటూ నడిచారు. ఇంట్లో నడిస్తే ఏం తెలుస్తుంది, టౌన్ హాల్లో వేదిక ఎక్కాలి దిగాలి, మెట్ల మీద చూస్తేగానీ నీ మోకాళ్ళ సంగతి తేలదు అంటూ తలుపు తీసి బయటికి వెళ్ళిపోయారు. నేను నోరు మెదపలేదు. మెదిపితే గుర్తొస్తుందేమో, గుర్తొస్తే ఆగిపోతారేమోనని. రెండు చేతులూ చాచి వెనకే దిగాను. ఒక అంతస్తు దిగేశారు. ఇక నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అంతలో మలుపు దగ్గర ఒక కాలి బకిల్ రెండో కాలి పట్టీకి తగులుకుంది.

ప్లాస్టిక్ కుర్చీల దొంతర కూలినట్టు చప్పుడైంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. కింద వాటా గడియారాల మెకానిక్కు కంటికి భూతద్దం తగిలించుకునే బయటికొచ్చి, మెట్ల మీద పడి ఉన్న ఆకారాన్ని చూసి లోపలికి పోయి, భూతద్దం తీసేసి మళ్ళీ వచ్చాడు. అత్తయ్య కదల్లేదు. అప్పుడు ఆవిడ మెల్లగా తల ఎత్తి, తన కాళ్ళకేసి పరీక్షగా చూసుకుని, "అమ్మాయ్, రెండూ ఎడమకాలివే చేశావే" అన్నారు.

నిజమే. పిక్కల మీద కట్టే ముక్కలకి ఒక్కటే నమూనా గీసుకున్నాను. రెండో కాలికి దాన్ని తిరగేసి కోయాలి, అప్పుడే రెండు బకిల్సూ బయటివైపుకి వస్తాయి. కానీ మా షాపులో చేరినరోజే నేర్పే పాఠం ఏమిటంటే, షీటు తిరగేయకు. తిరగేస్తే అక్షరం అద్దంలో చూసినట్టు ఎదురు తిరుగుతుంది, షీటు దండగ. ఇన్నేళ్ళ అలవాటు, నా చెయ్యి తిరగేయనంటే తిరగేయనంది. అందుకని కుడికాలి బకిల్ లోపలివైపుకొచ్చి ఎడమకాలి పట్టీని పట్టుకుంది. తప్పు పూర్తిగా నాదే. తిడితే తిట్టండి, పడతాను.

మెకానిక్కు, నేను చెరో పక్కా పట్టుకుని లేపాం. కాళ్ళవి రెండూ విప్పేశాం. పైకెక్కడం కంటే కిందికి దిగి సందు చివర డాక్టరు దగ్గరికి పోవడమే దగ్గరని ఆవిడే తేల్చారు. ఆ వేషంతోనే వెళ్ళాం. డాక్టరు ముందు ఛాతీ పలక మీద టకటకా కొట్టి చూశాడు, ఆ తర్వాతే మనిషిని చూశాడు. ఎక్స్‌రే తీశారు. తుంటి గట్టిగా ఉంది. మోచేతికి చిన్న దెబ్బ, అంతే. ఒళ్ళంతటికీ నేను చిప్ప చెయ్యనిది ఆ మోచేతులకే.

ఇంటికొచ్చాక వెక్కి వెక్కి ఏడ్చాను. కవచం వద్దు, పోటీ వద్దు, అన్నీ పట్టుకెళ్ళి చెత్తలో పడేస్తానన్నాను. అత్తయ్య నన్ను ఏడవనిచ్చారు. అయ్యాక అన్నారు, "ఏడాదిగా పడతానేమో, పడతానేమో అని కూర్చున్నాను. పడ్డాను. అయిపోయింది. నువ్వు ముందు ఆ కుడికాలు సరిగ్గా చెయ్యి."

గండం గడిచిందనుకున్నాను. మర్నాడు పొద్దున్న కవచం లేకుండా చెప్పులేసుకుని తలుపు దాకా వచ్చారు. మెట్లు చూశారు. ఎండగా ఉందని వెనక్కి తిరిగారు. నాకు ఉసూరుమనిపించింది. దిగింది అత్తయ్య కాదు, ప్లాస్టిక్కేనన్నమాట.

కుడికాలి ముక్క కొత్తగా చేశాను. ఈసారి నమూనా తిరగేసి, దాని మీద "కుడి" అని ఇంత లావున రాసుకున్నాను. మోచేతులకి చిప్పలు కూడా చేశాను. పోటీ రోజున అంతా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, మీరే వేసుకోండి అత్తయ్యా అన్నాను. మీకు అబద్ధం చెప్పను, ఆ మాట అనడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ ఆవిడ వీధిలోకి రావడం కంటే నా పోటీ ఎక్కువా? అత్తయ్య నావైపు డ్రిల్లు ఎగ్గొట్టిన పిల్లని చూసినట్టు చూశారు. పేరిచ్చింది నువ్వు, చేసింది నువ్వు, నేను బొమ్మలా నిలబడ్డాను, నా పని అయిపోయింది, చేతులెత్తు అన్నారు. ఒక్కొక్క పట్టీ ఆవిడే బిగించారు. ఆఖర్న హెల్మెట్ పెట్టి, మెడపట్టీ వేసి, దాని మీద భుజం చిప్పలు తగిలించారు.

మెట్ల దగ్గరికొచ్చాను. అప్పుడు తెలిసింది నా తెలివి. హెల్మెట్‌లోంచి ఎదురుగా గోడ తప్ప ఏమీ కనపడదు. నా కాళ్ళే నాకు కనపడవు. తీసేద్దామంటే సగం కవచం విప్పాలి, ఆ వరస పెట్టిన మహాతల్లిని నేనే. కింద మా షాపు వ్యానువాడు హారన్ మోగిస్తున్నాడు. ఒక కాలు ముందుకు చాచి వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ చాచాను, మళ్ళీ తీసుకున్నాను. ఆ మెట్లు ఎంత లోతుగా ఉంటాయో, ఏడాదిగా ఆవిడ చూస్తున్నదేమిటో అప్పుడు నాకు అర్థమైంది. ఇక నా వల్ల కాదు అత్తయ్యా అన్నాను. గొంతు లోపలే ప్రతిధ్వనించింది.

పక్కనుంచి ఒక చెయ్యొచ్చి నా చెయ్యి పట్టుకుంది. వెచ్చగా, గట్టిగా ఉంది. నాకంటే ఒక మెట్టు కింద నుంచి ఆ గొంతు వినిపించింది, స్కూలు మైదానంలో వినిపించే గొంతు.

"ఎడమ. కుడి. ఎడమ. కుడి. భయపడకు, ఇప్పుడు నీకు కుడికాలు కూడా ఉందిలే."

అలా అంటూనే ఉన్నారు, నేను దిగుతూనే ఉన్నాను. మలుపు దగ్గర నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు, అంతే. నేల తగిలాక తల తిప్పి చూస్తే, నా పక్కన వాకిట్లో అత్తయ్య. ఇంట్లో వేసుకునే పాత చెప్పులు, భుజం మీద నాకు చెమట తుడవడానికి తెచ్చిన తువ్వాలు. కవచం లేదు, చేతికర్ర లేదు. ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది. వెనక్కి తిరిగి మెట్లకేసి చూశారు. వీధికేసి చూశారు. "ఎండగా ఉంది" అన్నారు. అని, నడుచుకుంటూ వెళ్ళి వ్యానులో ముందు సీట్లో కూర్చున్నారు.

పోటీ సంగతి అడుగుతారేమో. మొదటి బహుమతి ఎనిమిది చేతుల ఆక్టోపస్ వేషానికి వెళ్ళింది. న్యాయంగానే గెలిచాడు, ఎనిమిదీ కదిలాయి. నాకు ఏదీ రాలేదు. కానీ వేదిక మీద నేను వెనక్కి తిరిగి వీపు పలక చూపించినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది, ముందు వరసలోంచి ఎవరో విజిల్ వేశారు. ఆ విజిల్ ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. నేను చేశానండీ. "చేశావులే" అన్నారుగా, చేశాను.

అమ్మ కిందికి దిగిందా అని అడిగారు. దిగారు. నన్ను కూడా దింపారు.

ఇట్లు,
అత్తయ్య పెట్టిన పేరు ప్రకారం,
మీ రెండెడమల ఇల్లాలు