గీత దాటిన బంతి

కొండాపూర్,
4 నవంబర్ 2025

ప్రియమైన రాజయ్య సార్‌కు,

మీ రేణుక నమస్కారాలు. మొన్న ఫోన్‌లో నేను “లీగ్‌లో రిఫరీగా తీసుకున్నారు సార్” అని మూడుసార్లు అరిస్తే, మీరు మూడుసార్లూ “ఎవరి పెండ్లి?” అన్నారు. హాస్టల్లో నా గది అమ్మాయిలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోరు. వాట్సాప్‌లో రాస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటారు. అందుకే మీ మాట ప్రకారం కాగితం మీద రాస్తున్నాను.

వారమంతా హైటెక్ సిటీలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుంటానని మీకు తెలుసు. ఇప్పుడు ఆదివారాలు గోపన్‌పల్లిలో ఒక టౌన్‌షిప్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు నడిపిస్తున్నాను. ఆరు టవర్ల మధ్య నిజమైన స్టేడియం సార్. మెట్ల గ్యాలరీ, పెద్ద లైట్లు, నీళ్ళు చల్లే పైపులు, పచ్చటి గడ్డి. మక్తల్ బడి గ్రౌండ్‌లో పల్లేరు ముళ్ళు ఏరుకుని ఆడినదాన్ని కదా, మొదటి రోజు ఎవరూ చూడకుండా బూట్లు విప్పి కాసేపు ఆ గడ్డి మీద నిలబడ్డాను.

ఆ సంబరం ఆ ఒక్క పూటే. రిఫరీ గదిలో యోగా చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు నింపారు. నేను ఆడవాళ్ళ బాత్రూంలో బట్టలు మార్చుకుంటున్నాను. అసోసియేషన్ సెక్రటరీ మధుసూదన్ గారు మ్యాచ్ మధ్యలో వచ్చి, “అమ్మా, విజిల్ కాస్త మెల్లగా ఊదండి, బాల్కనీల్లో వాళ్ళకి డిస్టర్బెన్స్‌గా ఉందటండి” అంటారు. మెల్లగా ఊదే విజిల్ ఎక్కడ దొరుకుతుందో మీరే చెప్పండి. ఫౌల్ ఇస్తే చాలు, పదకొండు మందీ వచ్చి చుట్టూ మూగుతారు. వాళ్ళ భార్యలు ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని గీత దాటి లోపలికి వస్తారు. టవర్ సీ కెప్టెన్ ఆదర్శ్ అయితే ప్రతి తీర్పుకూ కారణం అడుగుతాడు. ఆఫీసులో మీటింగ్ అనుకుంటాడేమో.

ఎనిమిది టీములున్నాయి. ఆరు టవర్లవి ఆరు, పక్క కంపెనీది ఒకటి. ఎనిమిదోది చివరి నిమిషంలో మానుకుంటే, లెక్క సరిపోవాలని స్టాఫ్ టీమును చేర్చుకున్నారు. సెక్యూరిటీ వాళ్ళు, హౌస్‌కీపింగ్ వాళ్ళు, డ్రైవర్లు. గేటు దగ్గర డ్యూటీ చేసే ఓంకార్ కెప్టెన్. మొత్తం లీగ్‌లో నన్ను పల్లెత్తు మాట అననిది వాళ్ళే. ఏమిచ్చినా “సరే మేడం” అంటారు. వాళ్ళ మ్యాచ్ ఉన్న రోజే నాకు కాస్త ఊపిరి ఆడుతుంది.

ఈ నెలతో మానేద్దామా అనిపిస్తోంది సార్. అమ్మకు నమస్కారాలు చెప్పండి.

మీ శిష్యురాలు,
రేణుక

*

మక్తల్,
8 నవంబర్ 2025

బిడ్డా రేణుకా,

ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. మా ఇంటావిడ, అదే మీ సత్తెమ్మ అమ్మ, నాకంటే ముందే చదివేసి, “పాపం పిల్ల ఎంత పరేషాన్ అయితుందో” అని వంటింట్లోకి పోయింది. నాకైతే జాలి కలగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో ఆటలు ఆడించాను. నన్ను తిట్టని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. ఒకసారి ఊట్కూరులో మ్యాచ్ అయ్యాక నా సైకిల్ తీసుకుపోయి బావిలో వేశారు. మర్నాడు బావిలోకి దిగి తీసుకున్నాను. మళ్ళీ ఆదివారం అదే ఊళ్ళో అదే విజిల్ ఊదాను. నువ్వేమో యోగా చాపలకే మానేస్తానంటున్నావు.

ఒక్కటి చెబుతాను, మిగతాది నీకే తెలుసు. ఆట నడుస్తున్నప్పుడు గీత బయట ఎవరు పిలిచినా తిరిగి చూడకు. సెక్రటరీ అయినా, కలెక్టర్ అయినా. బయటివాళ్ళతో మాట్లాడటానికి ఆట తర్వాత బోలెడు సమయం ఉంటుంది.

ఇక చెవి మిషను సంగతి. అది పెట్టుకుంటే మీ అమ్మ మాటలన్నీ వినబడుతున్నాయి. నా ఇబ్బంది అర్థం చేసుకో.

ఇట్లు,
నీ రాజయ్య సార్

*

కొండాపూర్,
18 నవంబర్ 2025

ప్రియమైన సార్‌కు,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మానేయడం లేదు, నిశ్చింతగా ఉండండి.

ఇక్కడ పరిస్థితి చాలా బాగుపడింది. రిఫరీ గది ఖాళీ చేసి తాళం చెవి నా చేతికిచ్చారు. అద్దం కూడా పెట్టించారు. మధుసూదన్ గారు మొన్న ఆదివారం తన ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తెప్పించారు. వాళ్ళావిడ సున్నుండలు పంపారు. విజిల్ గురించి ఎవరూ ఏమీ అనడం లేదు. “మీలాంటి స్ట్రిక్ట్ రిఫరీ ఉండాలండి” అని టవర్ సీ వాళ్ళందరూ వచ్చి చేయి కలిపారు. ఫైనల్ డిసెంబర్ ఏడున. అది కూడా నేనే నడిపించాలట.

గడ్డి కొంచెం పెరిగింది, కోయించమని చెప్పాను. గోల్ వలలకు చిరుగులున్నాయి. చలి మొదలైంది. పొద్దున పూట టవర్ల నీడలో గ్రౌండ్ సగం తడిగానే ఉంటుంది. ఆఫీసులో కూడా అంతా బాగానే ఉంది. కొత్త యూనిఫాం ఇచ్చారు, మెరూన్ రంగు. నాకంత నప్పలేదు.

సెమీఫైనల్లో టవర్ సీ గెలిచింది, ఒకటి–సున్నా. స్టాఫ్ టీము ఓడిపోయింది.

మీ ఆరోగ్యం జాగ్రత్త. అమ్మను అడిగానని చెప్పండి.

మీ
రేణుక

*

మక్తల్,
22 నవంబర్ 2025

బిడ్డా రేణుకా,

పేజీ నిండా గడ్డి, వల, చలి, యూనిఫాం, సున్నుండలు. మ్యాచ్ గురించి ఒక్క వాక్యం.

నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఆడిన ఆట గురించి చెప్పమంటే గంటసేపు ఊపిరి తీసుకోకుండా చెప్పేదానివి. ఓడినా చెప్పేదానివి. నాకు చెవులే పనిచేయవు, కళ్ళు బాగానే ఉన్నాయి.

పోయిన నెల నిన్ను బాత్రూంలో బట్టలు మార్చుకోమన్నవాళ్ళు, ఈ నెల టీ ఎందుకు పోస్తున్నారు? సెమీఫైనల్లో ఏం జరిగింది?

రాయి.

రాజయ్య

*

కొండాపూర్,
25 నవంబర్ 2025

ప్రియమైన సార్,

రాస్తున్నాను. కోప్పడినా పూర్తిగా చదవండి.

రెండో సగంలో ఇంకా పది నిమిషాలుంది. టవర్ సీ ఒక గోల్ ముందుంది. స్టాఫ్ టీము ఆ రోజు బాగా ఆడింది సార్. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు అట్లా పరుగెత్తుతారని నేను అనుకోలేదు. వాళ్ళ కోసం వచ్చిన డ్రైవర్లు కొందరు గ్యాలరీ పై మెట్ల మీద కూర్చున్నారు. అప్పుడు మధుసూదన్ గారు గీత దగ్గరికి వచ్చి నన్ను పిలిచారు. “అమ్మా, అది రెసిడెంట్ల గ్యాలరీ అండి. డ్రైవర్లను కాస్త లేవమని చెప్పండి, మీరు చెబితే వింటారు.” నాకు చిర్రెత్తుకొచ్చింది. “అది నా పని కాదండి” అని తల తిప్పి చెప్పాను. ఆ ఒక్క వాక్యం చెప్పేంతసేపే.

వెనక ఖంగుమని చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఓంకార్ కొట్టిన బంతి అప్పటికే పై బార్‌కు తగిలి కింద పడింది. నేను చూసేటప్పటికి బయటికి వస్తోంది. ఎక్కడ పడిందో చూడలేదు. గీత లోపలా, బయటా నాకు తెలియదు. టవర్ సీ వాళ్ళెవరో దాన్ని దూరంగా తన్నేశారు. లైన్స్‌మన్‌గా నిలబడింది టవర్ సీ మనిషే. అతన్ని చూస్తే తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను గోల్ కాదన్నాను. ఆట కొనసాగించాను.

సార్, నేను చూడలేదన్నది ఒక తప్పు. మీరు ముందే చెప్పారు కూడా. కానీ అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. గోల్ అంటే గ్యాలరీలో రెండు వందల మంది నా మీద పడతారు. కాదంటే పదకొండు మందే, వాళ్ళు ఏమీ అనరు. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగిన లెక్క అదొక్కటే. బంతి గురించి నేను ఆలోచించనే లేదు.

ఓంకార్ నా వైపు చూసి, “సరే మేడం” అని వెనక్కి పరుగెత్తాడు.

సాయంత్రం ఎవరో బాల్కనీ నుంచి తీసిన వీడియో లీగ్ గ్రూపులో పెట్టారు. బంతి గీతకు జానెడు లోపల పడింది. పది నిమిషాల్లో ఆ వీడియో తీసేశారు. మర్నాడు సాయంత్రం పిలిపించి నాకు గది తాళం ఇచ్చారు.

ఆ సున్నుండలు హాస్టల్లో అందరికీ పంచేశాను. నేను తినలేదు.

ఏం చేయమంటారు?

రేణుక

*

మక్తల్,
28 నవంబర్ 2025

బిడ్డా,

కోప్పడతానని నీకు తెలుసు, కాబట్టి మళ్ళీ రాయను.

ఆట మళ్ళీ మొదలయ్యాక తీర్పు మారదు. అది రూలు. స్కోరు ఒకటి–సున్నాయే. దాన్ని నువ్వూ మార్చలేవు, నేనూ మార్చలేను.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇదంతా నాకెందుకు రాశావు? ఆ గోల్ నాదా? గోల్ కొట్టిన మనిషి ప్రతి ఆదివారం నీకు గేటు తీస్తున్నాడు. అతన్ని దాటుకుని వచ్చి, నూట అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చెవిటి ముసలివాడికి చెప్పావు.

మీ అమ్మ ఈ ఉత్తరం చూసి, పిల్లతో ఇంత కఠినంగా మాట్లాడతారా అని నాతో మాట్లాడటం మానేసింది. నేను చెవి మిషను పెట్టుకున్నాక తెలిసింది, మానేసిందని.

రాజయ్య

*

కొండాపూర్,
16 డిసెంబర్ 2025

ప్రియమైన రాజయ్య సార్‌కు,

ఇన్ని రోజులు ఉత్తరం రాయనందుకు క్షమించండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మీ ఉత్తరం అందిన మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి గోపన్‌పల్లి వెళ్ళాను. ఓంకార్ గేటు దగ్గర రిజిస్టర్ రాస్తున్నాడు. డ్యూటీ మారే సమయం కావడంతో టీము వాళ్ళు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. నేను చూడలేదని చెప్పాను. చూడకుండానే కాదన్నానని చెప్పాను. ఎందుకు కాదన్నానో కూడా చెప్పాను. అది చెప్పడానికి నోరు రాలేదు సార్, అయినా చెప్పాను.

హౌస్‌కీపింగ్‌లో పనిచేసే దినేశ్, “పోనీయిరి మేడం, గదేం పెద్ద ముచ్చట” అన్నాడు. ఓంకార్ అతని వైపు కోపంగా చూశాడు.

“గట్లెట్ల పోనిస్తం?” అన్నాడు. “మీరు చూడలేదని మాకు గప్పుడే తెల్సు మేడం. మేమేం అనమని మీకు తెల్సు. గందుకే గట్ల చెప్పిన్రు. ఇప్పుడొచ్చి చెప్పుకుంటే మీ మనసు తేలికైతది. మాకేమైతది?”

ఏం కావాలని అడిగాను.

“కప్పు ఒద్దు. ఆట కావాలె. మల్ల ఆడిపియ్యిరి.”

ఆ సాయంత్రమే అసోసియేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చాను. సెమీఫైనల్లో బంతి గీత దాటిందో లేదో చూడకుండా తీర్పు ఇచ్చాను, తప్పు నాది, ఆ మ్యాచ్ మళ్ళీ ఆడించండి అని. మధుసూదన్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. “ఎందుకమ్మా ఇదంతా, అయిపోయిందిగా. అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు కదండి” అన్నారు. అందుకేనండి అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఫైనల్‌కు వేరే రిఫరీని పిలిచారు. గది తాళం అడిగితే బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఏడో తారీఖున టవర్ సీ కప్పు గెలిచింది. నేను హాస్టల్లో బట్టలు ఉతుక్కున్నాను.

ఇక అయిపోయిందనుకున్నాను. కానీ ఓంకార్ అడిగిన ఆట మాత్రం ఇంకా జరగలేదు. ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. చివరికి ఆదర్శ్‌కు ఫోన్ చేశాను. ప్రతి తీర్పుకూ కారణం అడిగే మనిషి కదా, ఈసారి నేనే అడుగుదామని. “బంతి ఎక్కడ పడిందో మీకు కూడా నిజంగా తెలియదా?” అన్నాను.

“నేను గోల్ గీత మీదే ఉన్నానండి,” అన్నాడు. “బాల్ లోపల పడింది. బయటికి తన్నింది నేనే. మీరు కాదన్నారు, నేను నోరు మూసుకున్నాను. కప్పు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. మా పాప దాన్ని చూపించి గోల్ ఎట్లా కొట్టావు నాన్నా అని రోజూ అడుగుతోంది.”

గ్రౌండ్ రెసిడెంట్లు యాప్‌లో బుక్ చేసుకోవచ్చు. ఎవరితో ఆడాలో అందులో రాసి లేదు. మొన్న ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా అతను తన పేరున బుక్ చేశాడు. స్టాఫ్ టీమును పిలిచాడు, విజిల్ నన్నే ఊదమన్నాడు, తన టీమును తెచ్చాడు. ఇద్దరు రాలేదు, మిగతావాళ్ళలో సగం మంది మొహం మాడ్చుకునే వచ్చారు. మధుసూదన్ గారు మార్నింగ్ వాక్‌లో ఉన్నట్టు గ్రౌండ్ చుట్టూ మూడుసార్లు తిరిగారు, లోపలికి రాలేదు. డ్రైవర్లు పై మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళను ఎవరూ లేపలేదు.

ఇప్పుడు మీరు అడిగేది తెలుసు. స్టాఫ్ టీము ఓడిపోయింది సార్. మూడు–ఒకటి. ఆ ఒక్క గోల్ కూడా ఓంకార్ కొట్టలేదు, దినేశ్ కొట్టాడు. టవర్ సీ మంచి టీము. ఆ మూడు గోల్స్‌నూ నేను కళ్ళారా చూశాను.

కానీ రెండో సగంలో ఒకటి జరిగింది. బంతి ఓంకార్ మోకాలికి తగిలి పక్క గీత బయటికి పోయింది. బంతి లోపలికి విసిరే త్రో టవర్ సీకి ఇచ్చాను. అప్పుడు ఓంకార్ “మాది మేడం, మాది” అని అరుస్తూ గ్రౌండ్ అవతలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. వెనకే దినేశ్. వెనకే మిగతా తొమ్మిది మందీ. నన్ను చుట్టుముట్టారు. “కండ్లు కనిపిస్తలేవా” అని ఎవరో అన్నారు. ఓంకార్ నా మొహానికి అడుగు దూరంలో నిలబడి చేతులు తిప్పుతున్నాడు. పై మెట్ల మీది నుంచి డ్రైవర్లు నన్ను ఏవో తిట్లు తిట్టారు. అవి మీకు రాయలేను, అమ్మ ముందే చదువుతుంది.

ఓంకార్‌కు ఎల్లో కార్డు చూపించాను. ఈసారి అతను “సరే మేడం” అనలేదు.

మ్యాచ్ అయ్యాక బయటికి వెళ్ళేటప్పటికి అతను యూనిఫాం వేసుకుని గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. నా బ్యాగు పూర్తిగా విప్పించి చూశాడు. రిజిస్టర్‌లో టైం రాయించాడు, సంతకం పెట్టించాడు. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. నేను రోడ్డు మీదికి వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

“మేడం. ఆ త్రో మాదే.”

“కాదు ఓంకార్,” అన్నాను. “నేను చూశాను.”

మీ శిష్యురాలు,
రేణుక